మూడు రంగుల జబ్బ టేపు: సింగ్‌నగర్‌లో తల్లుల చేత వాడించి చూశాను

చిన్నపిల్లల జబ్బ చుట్టుకొలత తీసే టేపు గురించి ఈ రివ్యూ. ఆరోగ్య శాఖలో మ్యువాక్ టేపు అంటారు. వేలెడు వెడల్పున్న ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు, మిల్లీమీటర్ల గీతలు, ఒక చివర దూర్చడానికి చీలిక, అంకె చూడడానికి చిన్న కిటికీ. అంతే. బ్యాటరీ లేదు, యాప్ లేదు. నాకు విడిగా వంద రూపాయల లోపే పడింది, కట్టగా తీసుకుంటే ఇంకా తగ్గింది. నేను ఏఎన్‌ఎంగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇది నా సంచీలో ఉండేది. ఇప్పుడు సొంత డబ్బుతో కొని మా చుట్టుపక్కల తల్లులకు పంచాను. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు కోశానో కింద చెబుతాను.

2024 సెప్టెంబరు మొదట్లో మా విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి అందరికీ తెలుసు. బోట్లు, హెలికాప్టర్లు, పాల ప్యాకెట్ల కోసం చేతులు చాచిన జనం, అవన్నీ టీవీల్లో వచ్చాయి. టీవీ వాళ్లు వెళ్లిపోయాక ఇళ్లల్లో జరిగింది ఎవరూ చూపించలేదు. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గితే జ్వరం, జ్వరం తగ్గితే దగ్గు, ఈలోగా కాళ్ల మీద పుళ్లు. ఒక చీటీ వాయిదా కట్టి ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో వాయిదా నెత్తిన పడినట్టు. ప్రతి జబ్బుకీ పిల్ల కొంచెం తిండి మానేస్తుంది, కొంచెం చిక్కుతుంది. మళ్లీ పుంజుకునే టైమ్ దొరకదు. "పాప చిక్కినట్టుందమ్మా" అంటే తల్లి "మొదట్నుంచీ ఇంతేనండీ, వాళ్ల నాన్న పోలిక" అనేది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. రోజూ ఎత్తుకునే పిల్ల రోజుకు కాస్త తరిగితే కంటికి ఆనదు. అందుకే టేపు కొన్నాను.

గవర్నర్‌పేటలో సర్జికల్ సామాన్ల షాపుల్లో అడిగితే టైలర్ల టేపు చూపించారు. వాళ్ల తప్పేం లేదు, అడిగేవాళ్లు లేనిది ఎవరు తెచ్చిపెడతారు? చివరికి ఆన్‌లైన్లో రెండు వేర్వేరు చోట్ల నుంచి తెప్పించాను. వచ్చీరాగానే మా మనవడి జామెట్రీ బాక్సులో స్టీలు స్కేలు తీసి, కిటికీ దగ్గరున్న బాణం గుర్తు నుంచి 115 గీత దాకా కొలిచాను. ఒక కట్ట అచ్చంగా సరిపోయింది. ఇంకో కట్టలో 115 అని అచ్చేసిన గీత స్కేలు మీద 117 దగ్గర పడింది. రెండు మిల్లీమీటర్లేగా అనుకోవద్దు. ఈ టేపులో 115 కంటే తక్కువైతే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. 115 నుంచి 125 లోపు పసుపు, అంటే ఒక మోస్తరు లోపం. ఆపైన ఆకుపచ్చ. నిజంగా 116 ఉన్న పిల్లను ఆ రెండో టేపు ఎరుపులో వేస్తుంది, తల్లికి ఊరికే టెన్షన్. అచ్చు అటువైపు తప్పితే మరీ ప్రమాదం, ఎరుపులో ఉండాల్సిన పిల్ల పసుపులో కనబడి ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ కట్ట మొత్తం వెనక్కి పంపేశాను. డబ్బులు తిరిగి వచ్చాయి గానీ, నేను కోసిన అర మార్కు దానికే. పిల్లల ప్రాణంతో పని ఉన్న వస్తువుకి స్కేలు పెట్టి చూడకుండా అచ్చేసి అమ్మడం ఏమిటి?

మంచి కట్టలోని టేపు మాత్రం భేషుగ్గా ఉంది. సాగదు. చెమట తగిలినా, సబ్బునీళ్లతో తుడిచినా రంగు వదల్లేదు. అంచులు గరుకుగా లేవు, పిల్లల చర్మానికి కోసుకోవు. కాగితం మీద అచ్చేసి పైన లామినేషన్ చేసిన రకం కూడా దొరుకుతుంది, దాన్ని కొనకండి. మడత పడిన చోట చిట్లిపోతుంది, ఆ మడత సరిగ్గా చీలిక దగ్గరే పడుతుంది.

వాడడం చాలా తేలిక. ఎడమ చెయ్యి తీసుకుంటాం. మోచెయ్యి మడిచి, భుజం ఎముక చివర నుంచి మోచేతి ఎముక చివర దాకా మధ్య ఎక్కడో చూసుకుంటాం. తర్వాత చెయ్యి కిందికి వదిలేయించి, ఆ మధ్యభాగం చుట్టూ టేపు తిప్పి, చివరను చీలికలో దూర్చి, చర్మానికి ఆనేదాకా లాగుతాం. నొక్కుకుపోకూడదు, కింద సందు కనబడకూడదు. కిటికీలో ఏ అంకె వస్తే అది. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ ఈ ఎరుపు పసుపు హద్దులు ఒకటే. వయసు సరిగ్గా తెలియక్కర్లేదు, పుట్టిన తేదీ కాగితం అక్కర్లేదు, లెక్కలు వేయక్కర్లేదు. కారణం ఏమిటంటే ఒకటీ ఐదేళ్ల మధ్య పిల్లల జబ్బ లావు పెద్దగా మారదు. ఎత్తు పెరుగుతుంది, జబ్బ దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి సన్నబడిందంటే కండ, కొవ్వు కరిగినట్టే.

ఈ కొలత ఇంత చలామణిలోకి రావడానికి ఆఫ్రికాలోని కరువులు, యుద్ధాలే కారణం. 1960ల చివర్లో నైజీరియా నుంచి బయాఫ్రా విడిపోయి యుద్ధం జరిగినప్పుడు లక్షల మంది పిల్లలు ఆకలితో ఉన్నారు. తూకం మిషన్లు మోసుకుని తిరగడం కుదరక, క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ల సహాయ బృందం ఒక కర్ర తయారు చేసింది. పిల్లల ఎత్తుకి జబ్బ కొలత ఎంత ఉండాలో ఆ కర్ర మీదే గుర్తులు పెట్టుకుని, ఎవరికి ముందు తిండి పెట్టాలో అక్కడికక్కడే తేల్చేవాళ్లు. తర్వాత కర్ర పోయి రంగుల పట్టీ మిగిలింది. మొదట తీవ్ర లోపానికి హద్దు 110 మిల్లీమీటర్లు ఉండేది. 2009లో డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ కలిసి దాన్ని 115కి పెంచాయి, ముందుగానే పట్టుకుంటే ఎక్కువమంది బతుకుతారని.

దీన్ని తల్లుల చేతికి ఇవ్వొచ్చన్న ధైర్యం నాకు నైజర్ దేశం నుంచి వచ్చింది. అక్కడ జిందర్ ప్రాంతం పల్లెల్లో 12 వేల మందికి పైగా తల్లులకు, పిల్లల్ని చూసుకునేవాళ్లకు టేపు ఇచ్చి కొలవడం నేర్పారు. పక్క ప్రాంతంలో ఆ పని 36 మంది ఆరోగ్య కార్యకర్తలకు అప్పగించారు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. తల్లులు ఏ మాత్రం తీసిపోలేదు. పైగా తల్లులు కొలిచిన వైపు పిల్లలు ఇంకా మరీ చిక్కిపోకముందే చికిత్సకు వచ్చారు, ఆస్పత్రిలో చేర్చాల్సినవాళ్లు తగ్గారు, ఖర్చూ తగ్గింది. అంతకుముందు అక్కడే 103 మంది పిల్లల మీద చేసిన చిన్న పరిశీలనలో, మధ్యభాగం కంటితో అంచనా వేసినా, ఎడమ బదులు కుడి చెయ్యి కొలిచినా పెద్ద తేడా రాలేదని తేలింది. చాలామంది బడి ముఖం చూడని తల్లులు. వాళ్లు చేసినప్పుడు మన విజయవాడ అమ్మాయిలు చేయలేరా? మా వాళ్లలో డిగ్రీలు చదివినవాళ్లున్నారు, రోజూ ఫోన్లో పది యాప్‌లు తిప్పేవాళ్లున్నారు.

నేర్పడం దాదాపు అందరికీ ఒకలాగే జరిగింది. ముందు నా మణికట్టు మీద, తర్వాత వాళ్ల పిల్లల మీద. వాంబే కాలనీలో ఒక అమ్మాయి గురించి మాత్రం విడిగా చెప్పాలి. నాలుగిళ్లలో పని చేస్తుంది, ఏడాది దాటిన బాబు ఉన్నాడు. టేపు చూడగానే వాడు గుక్కపెట్టాడు. "వదిలెయ్ అమ్మా, నేను చేస్తాను" అన్నాను. "వద్దు పెద్దమ్మా, నేనే చేస్తా" అంది. పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని పాలు పట్టింది. వాడు కుదుటపడి చెయ్యి సడలించాక, ఒక చేత్తోనే టేపు తిప్పి, పళ్లతో చివర పట్టుకుని చీలికలో దూర్చింది. నేను సర్వీసులో అంత మెత్తగా ఎప్పుడూ కొలవలేదు. కిటికీలోకి వంగి చూసి, నా వైపు తిరిగి ఏమీ అనలేదు. 113. నేను మళ్లీ తీశాను, అదే వచ్చింది. రెండు పాదాల మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని చూశాను, గుంట పడలేదు, అంటే నీరు చేరి వాపు రాలేదు. చొక్కా పైకెత్తితే డొక్క ఎగిరెగిరి పడుతోంది. ఒళ్లు మాత్రం చల్లగానే ఉంది. "జ్వరం లేదుగా పెద్దమ్మా" అంది ఆశగా.

అక్కడే చాలామంది మోసపోతారు. బాగా చిక్కిపోయిన పిల్లలకు లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు కాగడానికి కూడా శక్తి కావాలి. అలాంటి పిల్లలకు జ్వరం లేకపోవడం మంచి గుర్తు అని ధీమాగా ఉండకూడదు. మొదట వాళ్లు వెళ్లిన ఆస్పత్రిలో బరువు చూడకుండా దగ్గు మందు రాసి పంపేశారు. టేపు అంకె చెప్పినా వినలేదట. ఇంకోచోటికి నేను వెంట వెళ్లాను. అక్కడ డాక్టరమ్మ తనూ టేపు తీసి కొలిచి, ఎరుపు చూడగానే చేర్చుకుంది. మొదటి రోజుల్లో కొంచెం కొంచెంగా, రాత్రింబవళ్లు ప్రత్యేకమైన పాలు, ఒళ్లు చల్లబడకుండా తల్లి గుండెకు హత్తించడం, యాంటీబయాటిక్. బాబు ఇప్పుడు ఆకుపచ్చలో ఉన్నాడు. ఆ అమ్మాయి తన వీధిలో మిగతా పిల్లలందరినీ తనే కొలుస్తోంది.

ఇన్‌ఫెక్షన్ పిల్లల్ని చిక్కేలా చేస్తుంది, చిక్కిన ఒంట్లోకి ఇన్‌ఫెక్షన్ సులువుగా దూరుతుంది. దీన్ని ఒకచోట చేర్చి గట్టిగా చెప్పినవాళ్లు స్క్రిమ్‌షా, టేలర్, గోర్డన్ అనే ముగ్గురు పరిశోధకులు. 1968లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల పుస్తకాన్ని అచ్చువేసింది. ఆ టేలర్ పుట్టింది మన దేశంలోనే, ముస్సోరీ దగ్గర లాండూర్‌లో. పంజాబ్‌లోని నారంగ్‌వాల్ పల్లెల్లో ఏళ్ల తరబడి పని చేశాడు. పుస్తకం వచ్చి యాభై ఏళ్లు దాటినా ఆస్పత్రిలో విరేచనాలకు ఒక చీటీ, తిండికి ఇంకో చీటీ లాగే నడుస్తోంది. చాలాచోట్ల ఆ రెండోది రాయరు కూడా.

యాంటీబయాటిక్ సంగతి ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు మెడికల్ షాపుకి పరిగెత్తుతారు. మలావీ పల్లెల్లో తీవ్ర పోషకాహార లోపం ఉండి, ఇంటి దగ్గరే వేరుశనగ ముద్దతో కోలుకుంటున్న 2,767 మంది పిల్లల్ని తీసుకుని, కొందరికి అమాక్సిసిలిన్, కొందరికి సెఫ్డినిర్, కొందరికి మందు లేని ఉత్త మోతాదు వారం రోజులు ఇచ్చారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఉత్త మోతాదు తీసుకున్నవాళ్లలో నూటికి 7.4 మంది చనిపోతే, అమాక్సిసిలిన్ వాళ్లలో 4.8, సెఫ్డినిర్ వాళ్లలో 4.1. చిన్న తేడా కాదు. అయితే నైజర్‌లో 2,412 మంది పిల్లల మీద అలాంటిదే చేస్తే, 2016లో వచ్చిన ఫలితం వేరుగా ఉంది. కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, ఆస్పత్రిలో చేర్చాల్సి రావడం మాత్రం తగ్గింది. ఊరు మారితే జబ్బులు మారతాయి, వాపుతో వచ్చే పిల్లల సంఖ్య మారుతుంది. మందు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు పిల్లను చూసి తేల్చాల్సిందే. టేపులో ఎరుపు వచ్చిందని ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పోసేయకండి, దండం పెడతాను.

ఆ వేరుశనగ ముద్ద గురించి కూడా అడుగుతుంటారు. వేరుశనగ, పాలపొడి, పంచదార, నూనె, వాటిలో విటమిన్లు, ఖనిజాలు కలిపి చేస్తారు. 92 గ్రాముల ప్యాకెట్లో 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు కాబట్టి మురికి నీళ్ల భయం లేదు, పొయ్యి అక్కర్లేదు. ఆఫ్రికాలో లక్షల మంది పిల్లలు ఆస్పత్రి మంచం ఎక్కకుండా కోలుకున్నారంటే దీని పుణ్యమే. మన పల్లీ చిక్కి దానికి సాటి కాదు. పసుపులో ఉన్న పిల్లలకు రోజూ గుడ్డు, పప్పన్నంలో ఒక చెంచా నూనో నెయ్యో, బాగా నూరిన పల్లీల పొడి పెట్టమని చెబుతాను. బూజు వాసన వచ్చే పల్లీలు మాత్రం పారేయాలి, ఆ బూజు విషం కాలేయానికి చేటు. ఎరుపులో ఉన్న పిల్లల్ని ఇంటి తిండితో సరిచేద్దామని కూర్చోవద్దు.

వరద తర్వాత మా కాలనీలో అందరూ అన్నది ఒకటే, కాలవలు బాగుచేస్తే పిల్లలు వాళ్లే తేరుకుంటారని. కాలవలు బాగుచేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అది ఒక్కటే చాలదని జింబాబ్వేలో తేలింది. అక్కడి రెండు గ్రామీణ జిల్లాల్లో కొన్ని ఇళ్లకు మరుగుదొడ్లు కట్టించారు, చేతులు కడుక్కునే ఏర్పాటు చేశారు, నీళ్లలో క్లోరిన్ కలిపించారు. పిల్లల ఎదుగుదలలో మార్పు రాలేదు. రోజుకు 20 గ్రాముల పోషక ముద్ద ఇచ్చి, తల్లులకు తిండి పెట్టే తీరు నేర్పిన చోట మాత్రం వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35 శాతం నుంచి 27 శాతానికి తగ్గారు. 2019లో వచ్చిన ఫలితం ఇది. తగ్గింది, కానీ నూటికి 27 మంది మిగిలారు. కోళ్లు తిరిగే మట్టి నేల మీద పాకే పిల్లలకు మరుగుదొడ్డి ఒక్కటీ ఎంత కాపలా కాస్తుంది? అంతకుముందే గాంబియాలోని కెనెబా పల్లెల్లో పిల్లల పేగులు చూశారు. విరేచనాలు లేని రోజుల్లోనూ పేగు గోడ దెబ్బతిని ఉంది. 1991లో వాళ్లు వేసిన లెక్క ప్రకారం ఎదుగుదల కుంటుపడడంలో 43 శాతం దాకా ఆ దెబ్బతోనే ముడిపడి ఉంది. తిన్నది ఒంటికి పట్టడం లేదని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు.

అందుకే నేను తల్లులకు చెప్పేది టేపుని నెలకొకసారి తీసి మూల పెట్టమని కాదు. ఏ జబ్బు చేసినా తగ్గాక కొలవండి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ మాత్రలు 14 రోజులు పూర్తిగా వేయండి, రెండు రోజులకు ఆగిపోయాయని మానేయొద్దు. జబ్బు తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి. ఈ చివరి మాట ఏ మందుల చీటీ మీదా చూడలేదు నేను.

టేపుకి కనబడనివి కూడా ఉన్నాయి. మొదటిది వాపు. ఒంట్లో నీరు చేరి పాదాలు ఉబ్బిన పిల్లలు టేపులో ఆకుపచ్చ చూపించినా తీవ్ర లోపం కిందే లెక్క. 1930లలో ఇప్పటి ఘనాలో పని చేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ లోకానికి చెప్పిన జబ్బు అది. మన దగ్గర ఇప్పుడు తక్కువే, అయినా టేపు తీసిన ప్రతిసారీ రెండు పాదాలూ నొక్కి చూడాలి. రెండోది ఎత్తు. జబ్బ నిండుగా ఉండి వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు మన రాష్ట్రంలో చాలామంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం అలా ఉన్నారు. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 16.1 శాతం. జబ్బ కొలతలో దొరికే పిల్లలు, బరువు ఎత్తు లెక్కలో దొరికే పిల్లలు అందరూ ఒకరే కాదు, కొందరు అందులో, కొందరు ఇందులో పడతారు. కాబట్టి టేపు కొన్నాం కదా అని అంగన్‌వాడీలో తూకం మానకండి. అక్కడ గీత గీసే కార్డుకీ మూలం ఆఫ్రికా పల్లెలోనే ఉంది. నైజీరియాలోని ఇమేసి అనే ఊళ్లో డేవిడ్ మార్లీ తల్లుల దగ్గరే ఉంచేలా చేయించిన కార్డు అది. మన తల్లీబిడ్డల కార్డులోని ఆ పేజీని చాలా ఇళ్లలో తెరవనే తెరవరు.

కొనేవాళ్లకు చెప్పేది: మిల్లీమీటర్ గీతలున్నదే తీసుకోండి, వట్టి రంగులే ఉంటే 114కీ 100కీ తేడా తెలియదు. పిల్ల కోలుకుంటోందా లేదా అని వారం వారం చూడాలంటే అంకె కావాలి. పెద్దవాళ్ల టేపు వేరే ఉంటుంది, అది పొడుగు, పొరపాటున అది తెప్పించుకోవద్దు. రాగానే స్టీలు స్కేలుతో 115, 125 రెండు చోట్లా సరిచూడండి. తేడా ఉంటే మొహమాటపడకుండా తిప్పి పంపండి. తయారుచేసేవాళ్లు చదువుతుంటే ఒక విన్నపం. టేపు వెనకవైపు అంతా ఖాళీగానే ఉంటోంది. అక్కడ తెలుగులో "ఎరుపు వస్తే ఈరోజే ఆస్పత్రికి, పాదాలు ఉబ్బితే ఏ రంగైనా ఆస్పత్రికి" అని అచ్చేయండి. ప్రస్తుతానికి నేను పర్మనెంట్ మార్కర్‌తో రాసి ఇస్తున్నాను, రెండు ఉతుకులకే చెరిగిపోతోంది.